ఇరవై అడుగుల ఎత్తున వన్స్ మోర్

నవంబరు 3

ఈ డైరీ చెంచయ్యగారి మిర్చి కమిషన్ కొట్టు వాళ్ళు జనవరిలో అందరికీ పంచింది. నా చేతికి సంవత్సరం చివర్లో వచ్చింది. ఎవరూ చదవరు కాబట్టి ఇందులో ఉన్నది ఉన్నట్టే రాయాలని నిర్ణయించుకున్నాను.

ఇవాళ్టి నుంచి నేను సేఫ్టీ ఆఫీసర్ని. గుంటూరు నుంచి పర్చూరు వెళ్ళే దారిలో చెంచయ్యగారు మిరపకాయలకు కోల్డ్ స్టోరేజీ కడుతున్నారు. గోడలు తర్వాత, ముందంతా ఇనుమే. స్తంభాలు నిలబెట్టడం అయిపోయింది. వాటి మీద పెద్ద పెద్ద ఇనప దూలాలు ఎక్కించాలి, ఆపైన కప్పు వెయ్యాలి. ఫిబ్రవరిలో కొత్త కాయ మిర్చి యార్డుకి దిగుతుంది, ఆలోపు తలుపులు తెరవాలని ఆయన పట్టుదల. చోటు కావాలని రైతులు ఇప్పటికే ఆయన చుట్టూ తిరుగుతున్నారు.

సేఫ్టీ ఆఫీసర్ లేకపోతే ఇన్సూరెన్స్ ఇవ్వమన్నారట, అందుకని నన్ను పెట్టుకున్నారు. ఆ మాట నా మొహం మీదే చెప్పారు.

"నువ్వు ఊరికే కనపడతా ఉండు త్రినాథూ. టోపీ పెట్టుకో. పనికి మాత్రం అడ్డం రాబాక."

కనపడటం నాకు కొత్త కాదు. పరిషత్తు నాటకాల పోటీల్లో ఎన్నో ఏళ్ళుగా కనపడుతూనే ఉన్నాను. పొన్నూరులో ఉత్తమ సహాయ నటుడి జ్ఞాపిక కూడా ఇచ్చారు. ఆ ఏడాది ఉత్తమ నటుడు ఎవరికి ఇచ్చారో, ఎందుకు ఇచ్చారో ఇక్కడ రాసి ఈ పేజీ పాడుచెయ్యను.

నవంబరు 6

సైటులో బెల్టులు ఉన్నాయా అని అడిగితే, బ్రహ్మాండంగా ఉన్నాయన్నారు. ఎక్కడున్నాయంటే ఆఫీసు గదిలో, దేవుడి పటాల పక్కన, మేకులకు. దసరాకి ఆయుధపూజలో పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, తలా ఒక నిమ్మకాయ గుచ్చి తగిలించారు. అప్పటి నుంచి ఎవరూ ముట్టుకోలేదు. ఈ బెల్టుల పట్టీలు భుజాల మీదుగా వచ్చి తొడల చుట్టూ తిరుగుతాయి. పూజలో పెట్టిన వస్తువుని కాళ్ళ మధ్య నుంచి ఎట్టా తొడుక్కుంటారని చెంచయ్యగారి అభ్యంతరం. చివరికి నేనే చెప్పులు విడిచి, దణ్ణం పెట్టి, ఒక్కొక్కటీ దించాను.

పైకెక్కి బోల్టులు బిగించేది జయపాల్. పొన్నూరు వైపు మనిషి, ముప్పై దాటి ఉండవు. క్రేను దూలాన్ని పైకి అందిస్తే, స్తంభం చివర కూర్చుని దాన్ని పట్టి, చిల్లులు కలిపి, బోల్టులు దింపాలి. ఆ పని చెయ్యగలవాడు ఇక్కడ ఇతనొక్కడే. ఎక్కేముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటాడు. ఇవాళ బెల్టు తొడుక్కున్నాడు కానీ, దాని హుక్కు తీసుకెళ్ళి తన బెల్టుకే తగిలించుకున్నాడు.

"అదేంటయ్యా?"

"ఎక్కడో ఒకచోట తగిలించమన్నారుగా సార్."

"నువ్వు పడితే?"

"బెల్టుతో సహా పడతానండి."

నాకు ఒళ్ళు మండిపోయింది. పైన ఇనప తీగ లాగి కట్టాలి, హుక్కు దానికి తగిలించుకోవాలి అని చెంచయ్యగారికి చేతులు తిప్పుతూ వివరించాను. మర్నాడు రావలసిన తీగ సాయంత్రానికే వచ్చేసింది. వంట చేసే రాఘవమ్మ దాని మీద బట్టలు ఆరేసింది.

నవంబరు 8

రెండోసారి పోట్లాడితే తీగ పైన కట్టారు. నా వృత్తి జీవితంలో మొదటి విజయం. రాఘవమ్మ నాతో మాట్లాడటం లేదు.

నవంబరు 10

ఇన్సూరెన్స్ వాళ్ళ నుంచి ఫోను. దూలాలు ఎక్కించే ముందు, మనిషి జారి బెల్టుకి వేలాడితే అతన్ని ఎలా దించుతారో చేసి చూపించాలట. అది న్యాయమే. వేలాడేవాణ్ణి వెంటనే దించకపోతే పట్టీలు తొడల్ని నొక్కి, రక్తం కాళ్ళలోనే నిలబడిపోయి, స్పృహ తప్పుతుంది, ప్రాణమూ పోవచ్చు. శిక్షణలో ఈ పాఠం చెప్పినప్పుడు నేను మెలకువగానే ఉన్నాను.

చెంచయ్యగారికి అదే చెప్పాను.

"యాలాడితే చచ్చేదేందయ్యా? పడితే గదా చచ్చేది!"

ఆయనకి ఒక మార్గం తోచింది. కింద మిర్చి టిక్కీలు పేర్చేద్దామన్నారు. గోతాల నిండా ఎండు కాయ, మెత్తగా ఉంటుంది, పడ్డవాడు లేచి దులుపుకుని పోతాడట.

"తుమ్ముకుంటూ పోతాడండీ," అన్నాను.

ఆయన నవ్వలేదు. మనిషి పడితే కాయ చితికి రేటు తగ్గుతుందని తనకే తట్టి, ఆ ఆలోచన మానుకున్నారు.

మనుషుల్ని పైకి తీసుకెళ్ళే బుట్ట బండి విజయవాడలో అద్దెకి దొరుకుతుంది, తెప్పించండి అని అడిగాను. నిచ్చెన ఉందిగా అన్నారు. సరే అని రక్షణ ప్రణాళిక నేనే తయారుచేశాను. కేక వినపడగానే నిచ్చెన వెయ్యాలి, మనిషిని దించాలి, 108కి ఫోన్ చెయ్యాలి. చదువుతుంటే చాలా ధైర్యంగా అనిపించింది.

మరి పడేదెవరు? జయపాల్‌ని అడిగాను. "ఆటకి కూడా దేవుణ్ణి పరీక్షించకూడదండి," అన్నాడు. క్రేను నడిపే సుభానీని అడిగాను. "మా ఇంట్లో తెలిస్తే రేపట్నించి పనికి పంపరు సార్," అన్నాడు. పడ్డట్టు నటించినా అపశకునమేనని అందరి నమ్మకం. ఇక మిగిలింది నటన తెలిసినవాడు.

నవంబరు 13

సంభాషణలు రాసుకున్నాను. జారేటప్పుడు ఒక కేక. వేలాడుతూ భార్యాపిల్లల్ని తలుచుకుంటూ కొన్ని మాటలు. గాలిలో ఊగుతూ ఒక పద్యం. దించాక యజమానికి కృతజ్ఞతలు.

శ్రీరమ్య కూరగాయలు తరుగుతూ అంతా విన్నది.

"వేలాడేవాడికి అన్ని డైలాగులు ఎందుకండీ?"

పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆవిడకి రంగస్థలం మీద గౌరవం కలగలేదు.

నవంబరు 15

డ్రిల్ విజయవంతంగా ముగిసింది. అలిసిపోయాను, ఎక్కువ రాయలేను.

నవంబరు 16

నిన్న వచ్చిన ఇన్సూరెన్స్ పెద్దమనిషి ఇవాళ ఫోన్ చేసి మరీ అభినందించాడు. "మా సర్వీసులో ఇంత సహజమైన డ్రిల్ చూడలేదండీ. ఆ ఏడుపు ఎలా తెప్పించుకున్నారు?" అన్నాడు. సాధన అని చెప్పాను.

తొడల మీద చారలు వంకాయ రంగులోకి తిరిగాయి. శ్రీరమ్య చూసి అదేంటని అడిగింది. మేకప్ అన్నాను. రెండు రోజులుగా స్నానం చేస్తున్నా పోలేదేంటి అన్నది. మంచి మేకప్ అన్నాను.

నవంబరు 17

చెంచయ్యగారు అందరి ముందూ శాలువా కప్పారు. నా రక్షణ ప్రణాళికని ఆమోదించారు. వారం పది రోజుల్లో దూలాలు ఎక్కిస్తారు.

డ్రిల్ బాగా జరిగింది. చాలా బాగా జరిగింది.

నవంబరు 18

జరగలేదు.

ఇవాళ టీ తాగుతుంటే జయపాల్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "మీ డ్రిల్ చూశాక భయం పోయింది సార్. యాలాడటం అంటే ఏమో అనుకున్నా. మీరు పద్యం కూడా పాడారు. జారినా ఫర్లేదు, నిదానంగా దింపుతారు," అన్నాడు. ఇతను నా ధైర్యం చూసి పైకెక్కబోతున్నాడు. అందుకని జరిగింది జరిగినట్టు ఇక్కడైనా రాస్తాను.

ఆ రోజు నిచ్చెన వేసుకుని పైకెక్కాను. హుక్కు తీగకి తగిలించాను. ఇరవై అడుగుల ఎత్తు. కింద షామియానా, కుర్చీలు, ముందు వరసలో చెంచయ్యగారు, ఇన్సూరెన్స్ పెద్దమనిషి, చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల వాళ్ళు. కేక పెట్టి జారాను. బెల్టు పట్టుకుంది. చప్పట్లు. భార్యాపిల్లల డైలాగు చెప్పాను. చప్పట్లు. పద్యం ఎత్తుకుని రాగం సాగదీశాను. మన వైపు జనానికి పద్యం వినపడితే చేతులూ నోరూ ఊరుకోవు. "వన్స్ మోర్!" అన్నారు. మళ్ళీ పాడాను. ఎందుకు పాడానో ఆ దేవుడికే తెలియాలి.

సరిగ్గా అప్పుడే గాలికి స్వాగతం ఫ్లెక్స్ వాలిపోయింది. "సేఫ్టీయే మా ఊపిరి" అని దాని మీద పెద్ద అక్షరాలు, పక్కన చెంచయ్యగారి బొమ్మ. ఆయన బొమ్మ నేలకి తగలకూడదని ఎవరో నా నిచ్చెన తీసుకెళ్ళి దానికి దన్నుగా పెట్టి, తాళ్ళతో గట్టిగా కట్టేశారు. పైనుంచి ఇదంతా నాకు కనపడుతూనే ఉంది.

కాళ్ళలో ముందు చీమలు పాకాయి. తర్వాత పట్టీలు కోసేస్తున్నట్టు నొప్పి. ఆ తర్వాత కాళ్ళు ఉన్నట్టే తెలియలేదు. "చాలు, దించండి," అన్నాను. చప్పట్లు. "నిజంగా చెప్తున్నా, దించండర్రా," అన్నాను. ఈల వేశారు. ఏడుపొచ్చింది. అమ్మా అని అరిచాను. నా జీవితంలో ఏ నాటకంలోనూ అంత సహజంగా అరవలేదు. ముందు వరసలో ఎవరో కళ్ళు తుడుచుకున్నారు కూడా. "వన్స్ మోర్!" అన్నారు.

చెంచయ్యగారు లేచి, "ముందు భోజనాలు కానియ్యండి, చల్లారిపోతాయి. మిగతా నాటకం తర్వాత చూద్దాం," అన్నారు. అందరూ షామియానా వెనక్కి వెళ్ళిపోయారు. సుభానీని కిళ్ళీలకి పంపారు. నేను, గాలి, గోంగూర వాసన మిగిలాం.

చచ్చిపోతాననుకున్నాను. ఇది మాత్రం అలంకారం లేకుండా రాస్తున్నాను. కళ్ళు చీకట్లు కమ్మి, నోరు ఎండిపోయి, ఇలా పోతే మా అమ్మాయికి ఏం చెప్తారా అనుకున్నాను. నాన్న చాలా బాగా నటించాడమ్మా అని చెప్తారు.

చివరికి రాఘవమ్మ వచ్చింది. అన్నం తీసి ఉంచాలా వద్దా అని అడగటానికి వచ్చింది. ఆవిడ నాటకాలు చూడదు. అందుకని నా మొహం చూడగానే నమ్మేసింది. "ఓరి దేవుడో, పిల్లాడు నల్లబడిపోయాడు!" అని అరుచుకుంటూ పోయి, కత్తిపీట తెచ్చి ఫ్లెక్స్ తాళ్ళు పరపరా కోసేసింది. చెంచయ్యగారి బొమ్మ బోర్లా పడింది. జయపాల్ నిచ్చెన మోసుకొచ్చి, ఎక్కి, భుజాన వేసుకుని నన్ను దించాడు.

నేల మీద కాళ్ళు నిలబడలేదు. ప్యాంటు తడిసి ఉంది. అందరూ చేతులు కడుక్కుంటూ వచ్చారు. "అదంతా నటనేనా?" అన్నాడు ఇన్సూరెన్స్ పెద్దమనిషి, నోరు తెరిచి.

కాదు అనే మాట చాలు. ఆ మాట అంటే బుట్ట బండి వచ్చేది. కానీ అంతమంది ముందు, తడిసిన ప్యాంటుతో, ఎలా అంటాను? తల వంచి నమస్కారం పెట్టాను. "అంతా మీ ఆశీర్వాదం," అన్నాను. చెమట ఎక్కువ పట్టిందని కూడా చెప్పాను.

నవంబరు 19

పొద్దున్నే కొట్టుకి వెళ్ళి చెంచయ్యగారికి మొత్తం చెప్పాను. ఆ నిచ్చెనతో ఎవరినీ కాపాడలేం, బుట్ట బండి రాకుండా జయపాల్‌ని పైకి పంపితే నేను ఒప్పుకోను అన్నాను. ఏడ్చింది నిజమన్నాను. ప్యాంటు సంగతి కూడా చెప్పాను. చెప్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి తన్మయంగా విన్నారు. తర్వాత గుమస్తాని పిలిచారు.

"ఒరే, ఇట్రా. త్రినాథూ, ఇందాక చెప్పింది మళ్ళీ మొదట్నించి చెప్పు. ఆ ప్యాంటు దగ్గిర మాత్రం అట్టాగే చెప్పాలి."

నవంబరు 20

ఉద్యోగం మానేద్దామా అనుకున్నాను. మానేస్తే ఇంకో టోపీని పెట్టుకుంటారు. జయపాల్ ఎలాగూ ఎక్కుతాడు. నేను చూపించిన డ్రిల్‌ని నమ్ముకునే ఎక్కుతాడు. మానటానికి వీల్లేదు.

చెంచయ్యగారు ఈసారి వ్యాపారుల సంఘం అధ్యక్ష పదవికి నిలబడుతున్నారు. సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఏడవలేదు. కార్మికుల కోసం యజమానే స్వయంగా బెల్టు కట్టుకుని వేలాడినట్టు జిల్లా పేపర్లో ఫొటో పడితే ఎలా ఉంటుంది అన్నాను. మీ ప్రత్యర్థి ఎప్పుడైనా వేలాడాడా అని అడిగాను.

"ఎంత ఎత్తున?" అన్నారు.

"నేలకి మోకాలెత్తున చాలండీ. ఫొటోలో కింద భాగం కత్తిరిస్తారు."

నవంబరు 21

చెంచయ్యగారు వేలాడారు.

తెల్ల పంచె మీద బెల్టు బిగించడం నా వల్ల కాదంటే, ప్యాంటు కొనుక్కొచ్చారు. పసుపు కుంకుమలు ఇంకా అంటి ఉన్న బెల్టునే ఎంచుకున్నారు. ఆయన పాదాలకి కాస్త దూరంలో స్టూలు పట్టుకుని రాఘవమ్మని నిలబెట్టి, నేను చెయ్యెత్తగానే జరపమన్నాను. నాకు జరిగింది ఆయనకి జరగకూడదు. పూర్తిగా జరగకూడదు, అంతే.

ముందు ఉపన్యాసం. "నా కార్మికులే నా కుటుంబం..." అని ఎత్తుకున్నారు. చప్పట్లు. ఫొటోగ్రాఫర్ పక్కకి తిరగమన్నాడు, తిరిగారు. ఇంకాసేపటికి కుటుంబం సంగతి మర్చిపోయి తొడలు సర్దుకోవటం మొదలుపెట్టారు. సర్దుకున్నకొద్దీ పట్టీలు ఇంకా బిగిశాయి.

"ఏవయ్యా త్రినాథూ, ఇక చాల్లే."

కూలీలందరూ చప్పట్లు కొట్టారు. యజమాని కదా, నాకు కొట్టిన దానికంటే గట్టిగా కొట్టారు.

"ఒరేయ్, చాలన్నానా! కాళ్ళు లాగేస్తన్నయ్యిరా!"

"వన్స్ మోర్!" అన్నాడు సుభానీ. పాపం, అభిమానంతోనే అన్నాడు.

"వన్స్ మోరేందిరా నీ దుంప తెగ! దించండ్రా! ఓయమ్మో!"

నేను చెయ్యెత్తాను. రాఘవమ్మ స్టూలు జరిపింది. ఆయన దాని మీద నిలబడి చాలాసేపు స్తంభాన్ని కావలించుకుని వదల్లేదు. మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకు జాలేసింది. సంతోషం కూడా వేసింది, ఇది నా డైరీ కాబట్టి రాస్తున్నాను.

ఫొటోగ్రాఫర్ దగ్గరికొచ్చాడు. "అద్భుతం సార్. ఆఖర్న ఆ అరుపు నిజమేననుకున్నాం."

చెంచయ్యగారు నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ఆయన ప్యాంటు పొడిగానే ఉంది.

"నటించాను," అన్నారాయన. "ఎట్టా చేశాను త్రినాథూ?"

"జీవించారండీ," అన్నాను.

నవంబరు 22

విజయవాడ నుంచి బుట్ట బండి వచ్చింది. పసుపు రంగు, పొడుగాటి చెయ్యి, దాని చివర ఇద్దరు మనుషులు నిలబడే బుట్ట. ఎందుకు తెప్పించారని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆఫీసులో దిండు వేసుకుని కూర్చుంటున్నారు.

బండి నడిపే అతన్ని ఇక్కడి నుంచి కదలకూడదని చెప్పాను. కిళ్ళీలకి కూడా.

నవంబరు 24

రేపు దూలాలు. సాయంత్రం జయపాల్‌ని పక్కకి పిలిచాను.

"ఆ రోజు నేను నటించలేదయ్యా. పద్యం వరకే నటన. తర్వాత ఏడ్చింది నిజం. భయపడి చచ్చాను."

నేను ఇంకో "బాగా చేశారు సార్" కోసం ఎదురుచూస్తున్నాను.

"అమ్మా అన్నప్పుడు ముందు చప్పట్లు కొట్టింది నేనేనండి," అన్నాడు. "తర్వాత పోయి అన్నం తిన్నా."

నాకు అతని మీద కోపం రాలేదు. అతని స్థానంలో ఉంటే నేనూ కొట్టేవాణ్ణి.

"అయితే రేపు నిజంగా జారితే నేనేం అరవాలి సార్?" అన్నాడు. "అమ్మా అంటే మీది గుర్తొచ్చి నవ్వుతారు. కాపాడండి అంటే డైలాగంటారు. ఏసయ్యా అని నేను రోజుకి వందసార్లంటా, ఎవురూ పట్టించుకోరు."

శిక్షణలో ఈ పాఠం లేదు. ఉపాయం కూడా అతనే చెప్పాడు.

"మిమ్మల్ని పేరు పెట్టి తిడతానండి. ఇక్కడ మిమ్మల్ని ఎవురూ మొహం మీద తిట్టరుగా. అందరూ ఉలిక్కిపడి చూస్తారు."

"మొహం మీద అంటే? వెనక తిడుతున్నారా?"

"వెనకైతే అందరూ తిడతారండి," అన్నాడు, ఇందులో దాచేదేముందన్నట్టు.

నవంబరు 25

మూడు దూలాలు ఎక్కాయి. ప్రతి దూలానికీ రెండు చివరలా బోల్టులు పడేదాకా క్రేను కొక్కెం వదలొద్దని సుభానీకి చెప్పాను. దూలం కింద ఎవరినీ నడవనివ్వలేదు. గొంతు పోయింది. భోజనం చెయ్యలేదు.

నవంబరు 26

ఇవాళ గబగబా రాస్తున్నాను. అక్షరాలు ఎలా ఉన్నా పర్వాలేదు.

మధ్యాహ్నం గాలి తిరిగింది. దూలాన్ని స్తంభానికి చేర్చుతుంటే కొస అటూ ఇటూ ఊగుతోంది. ఆపమని సుభానీకి సైగ చేస్తున్నాను. అది ఒక్కసారి స్తంభానికి తగిలింది. కింద కొందరు చూశారు, కొందరు బీడీ వెలిగించుకుంటున్నారు. రాఘవమ్మ మజ్జిగ పంచుతోంది. ఆఫీసు గది దగ్గర ఎవరిదో ఫోన్‌లో పాట మోగుతోంది.

అప్పుడు పైనుంచి వినపడింది.

"ఒరేయ్ త్రినాథ్‌గా! ఎక్కడ చచ్చావురా!"

సైటు మొత్తం స్తంభించిపోయింది. మజ్జిగ గ్లాసులు నోటి దగ్గరే ఆగిపోయాయి. ఒక కూలి, "అమ్మో, సార్నే!" అన్నాడు. అందరూ తలలెత్తి చూశారు. జయపాల్ తీగకి వేలాడుతున్నాడు. ఒక కాలు ఊగుతోంది, చేతులతో గాలిని పట్టుకుంటున్నాడు.

నేను పరిగెత్తాను. బండి అతను నాకంటే ముందే లేచాడు. ఇద్దరం బుట్టలోకి ఎక్కాం. సుభానీ దూలాన్ని కదలకుండా పట్టుకున్నాడు. బుట్ట లేస్తుంటే జయపాల్ నన్ను ఆపకుండా తిడుతూనే ఉన్నాడు. మా నాన్ననీ, నా టోపీనీ, నా పద్యాన్నీ తిట్టాడు. తిట్టు ఆగితే స్పృహ తప్పినట్టు లెక్క. అందుకని నేను కూడా, "ఇంకా తిట్టు, ఇంకా తిట్టవయ్యా," అని అరుస్తూ పైకెళ్ళాను.

చేతికి అందాడు. నడుం పట్టుకుని బుట్టలోకి లాక్కున్నాం. మోకాలు గీరుకుపోయింది, అంతే. నా భుజం మీద తల పెట్టి గట్టిగా ఊపిరి తీసుకున్నాడు.

"ఏమనుకోబాకండి సార్," అన్నాడు.

ఏడ్చేశాను. కిందున్న వాళ్ళందరూ చూశారు. చూస్తే చూశారు.

ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించాం. ఏం పర్వాలేదన్నారు. ఇంటికొచ్చి శ్రీరమ్యకి డ్రిల్ రోజు సంగతి కూడా చెప్పాను. "మేకప్ కాదని నాకు తెలీదా?" అన్నది. ఆవిడ నా నాటకాల్ని ఎందుకు మెచ్చుకోదో ఇవాళ అర్థమైంది.

నవంబరు 27

చెంచయ్యగారు పిలిచారు. జయపాల్ బతికి బయటపడ్డందుకు అభినందిస్తారేమో అనుకున్నాను.

"ఆఫీసర్ని పట్టుకుని 'గా' అంటాడా? తండ్రిదాకా పోతాడా? రేపు నన్నంటాడు. తీసేయ్ ఆణ్ణి."

అది రక్షణ ప్రణాళికలో ఉందండీ అన్నాను. నిజంగానే ఉంది. నిన్న సాయంత్రమే కేక వినపడగానే అన్న మాట తీసేసి, ప్రమాదంలో ఉన్నవాడు సేఫ్టీ ఆఫీసర్ని పేరు పెట్టి తిట్టాలి అని మార్చాను. ఇన్సూరెన్స్ పెద్దమనిషికి ఫోన్ చేసి చదివి వినిపిస్తే, చాలా సహజంగా ఉందని ఒప్పుకున్నాడు. ఇన్సూరెన్స్ మాట వినగానే చెంచయ్యగారు మెత్తబడ్డారు.

"అయితే ఆడొక్కడేనా? పైకెక్కేవాళ్ళు ఇంకా వస్తారుగా, అందరూ తిట్టాల్నా?"

"అందరూ నేర్చుకోవాలండీ," అన్నాను.

నవంబరు 28

పొద్దున పని మొదలయ్యే ముందు అందర్నీ వరసగా నిలబెట్టి ఎదురుగా నిలబడ్డాను. ముందు సిగ్గుపడ్డారు. "త్రినాథ్‌గారూ" అని ఒకడు నసిగాడు. ఇరవై అడుగుల నుంచి ఇది వినపడదు, గట్టిగా, గారు తీసేసి, అన్నాను. జయపాల్ మోకాలికి కట్టుతో ముందుకొచ్చి ఎలా తిట్టాలో చేసి చూపించాడు. దాంతో అందరికీ హుషారొచ్చింది.

"ఒరేయ్ త్రినాథ్‌గా! ఎక్కడ చచ్చావురా!"

పక్క పొలంలో పత్తి తీస్తున్న ఆడవాళ్ళు పని ఆపి చూశారు. సుభానీ క్రేను దిగొచ్చి మరీ తిట్టాడు. రాఘవమ్మ గరిటె పట్టుకుని వచ్చి, ఆరేసిన బట్టల పాత బాకీ కూడా కలిపి తిట్టింది. వాళ్ళందరిలో నిలబడి వింటుంటే నా గుండె నిండిపోయింది. పొన్నూరు జ్ఞాపిక అందుకున్న రోజు కూడా ఇంత సంతోషం కలగలేదు.

చెంచయ్యగారి కారు వచ్చి ఆగింది. ఆయన మెల్లగా, కాళ్ళు ఎడంగా వేసి దిగారు. కాసేపు అక్కడే నిలబడి విన్నారు. తర్వాత గొంతు సవరించుకుని, తనకీ ఒక అవకాశం ఇమ్మన్నారు.

ఇచ్చాను. కూలీలందరూ డ్రిల్ కోసం తిట్టారు. ఆయన మాత్రం నిజంగానే తిట్టారు.